మిర్చి ఫోటోలు, వీడియోలు క్లౌడ్‌లో పెట్టి ఫిఫ్టీవన్‌తో పని చేయడం: నా అనుభవం

హన్మకొండలో మాది చిన్న టీం. మిర్చి రాశి ఫోటో చూసి అందులో తాలు (పాలిపోయిన నాసి కాయలు) ఎంత ఉంది, రంగు ఎలా ఉంది, రకం తేజానా వండర్ హాటా టమాటానా అని చెప్పే ఏఐ మోడల్ తయారు చేయాలన్నది పని. మోడల్ సంగతి ఇక్కడ రాయడం లేదు. దానికంటే ముందు, ఆ ఫోటోలూ వీడియోలూ అన్నీ క్లౌడ్‌లో ఒక్కచోట పెట్టి, టీంలో ఎవరైనా తెరిచి చూసుకునేలా, వెతుక్కునేలా, ఏ ఫోటోలో ఏముందో రాసుకునేలా (లేబుల్ చేయడమంటే అదే) చేయడానికి పడ్డ పాట్లు రాస్తున్నా. పత్తి మీద, మక్క మీద, రోడ్ల గుంతల మీద ఇలాంటి పని చేసేవాళ్లు మన దగ్గర ఇప్పుడు బాగానే ఉన్నారు, వాళ్లలో చాలామంది మోడల్ దగ్గర కాదు, ఇక్కడే ఆగిపోతున్నారు.

ఎనుమాముల యార్డు తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పేరు. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఎండలు ముదిరేదాకా మిర్చి వస్తూనే ఉంటుంది, పొద్దున్నే జెండా పాట అనే వేలం, ఆ తర్వాత బస్తా బస్తాకీ ధర, సీజన్ అయిపోయాక కోల్డ్ స్టోరేజీల నుంచి ఏసీ మిర్చి. మన చపాటాకి, అంటే టమాటా మిర్చికి, 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా ఫోటోలు సగం యార్డులో బస్తా మూతి విప్పినప్పుడు తీసినవి, సగం నర్సంపేట, పరకాల, ములుగు వైపు కల్లాల్లో ఆరబోసినప్పుడు తీసినవి. వీడియోలు కల్లం అంచు వెంట నడుస్తూ తీసినవి. తీసేది డిగ్రీ చదివే పిల్లలు, ఎవరి ఫోన్ వాళ్లదే. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, సగం తలనొప్పులు అక్కడి నుంచే వచ్చాయి.

మొదట్లో అన్నీ ఆఫీసులో ఒక హార్డ్ డిస్కులో ఉండేవి. దాని కాపీ ఒకరి లాప్‌టాప్‌లో, అందులో సగం ఇంకొకరి దగ్గర. ఏది పూర్తిది, ఏది పాతది, ఏ ఫోటోకి లేబుల్ వేశాం అన్నది అడిగితే నలుగురూ నాలుగు మాటలు చెప్పేవాళ్లు. అందుకే క్లౌడ్ అనుకున్నాం, చూడటానికి ఫిఫ్టీవన్ అనుకున్నాం.

ఫిఫ్టీవన్ అంటే వాక్సెల్51 వాళ్ల ఓపెన్ సోర్స్ టూల్‌కిట్. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో వాడతాం, పిప్ అనే ఇన్‌స్టాలర్‌తో ఒక్క లైన్‌లో దిగిపోతుంది, నడిపితే 5151 పోర్టులో బ్రౌజర్ తెరుచుకుని ఫోటోలన్నీ గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. తాలు అని లేబుల్ ఉన్నవే చూపించు, మోడల్ తప్పు చెప్పినవే చూపించు అంటే చూపిస్తుంది. కొత్తవాళ్లు దీన్ని చూడగానే ఫోటోలు ఇందులోకి "ఎక్కాయి" అనుకుంటారు. ఎక్కవు. అడ్తి దగ్గర బస్తాలు యార్డులోనే ఉంటాయి, చిట్టాలో మాత్రం ఎవరి బస్తా, ఎన్ని కిలోలు, ఎక్కడ దించారు అని రాసి ఉంటుంది చూడండి, ఫిఫ్టీవన్ ఆ చిట్టా. ప్రతి ఫోటోకీ ఒక శాంపిల్, అందులో ఫైల్ పాత్ అనే ఒక అడ్రసు, దాని పక్కన లేబుళ్లు, ట్యాగులు, మీరు చేర్చుకున్న ఇతర వివరాలు. ఇదంతా మాంగోడీబీ అనే డేటాబేస్‌లో ఉంటుంది, ఆ మాంగోడీబీ కూడా ఇన్‌స్టాల్‌తో పాటే వస్తుంది. డేటాసెట్‌లోంచి శాంపిల్ తీసేస్తే చిట్టాలో గీత పడుతుందే తప్ప అసలు ఫోటో ఎక్కడికీ పోదు. ఇంకో సంగతి, డేటాసెట్ తయారు చేశాక పర్సిస్టెంట్ అన్నది ట్రూ అని పెట్టకపోతే డేటాబేస్ ఆగిపోయినప్పుడు అదీ పోతుంది. ఇది డాక్యుమెంటేషన్‌లో మొదట్లోనే రాసి ఉంటుంది, అయినా చదవరు.

కాబట్టి అసలు పని అడ్రసు. ఫోటో ఎక్కడుంటుంది, దాని పేరేంటి, ఆ పేరు ఇక ఎప్పటికీ మారదా. ఇది తేలకముందు ఏ టూల్ దించుకున్నా దండగే.

పేర్ల నుంచే మొదలుపెట్టాం. ఫోన్లు పెట్టే పేర్లు ఘోరం. కొన్ని ఫోన్లు ఐఎంజీ 0001 అని మొదలుపెట్టి లెక్క పెట్టుకుంటూ పోతాయి, ఇద్దరి ఫోన్లలో ఒకే పేరు రావడం మామూలు. ఎస్3లో (అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే సర్వీసు) అదే పేరుతో రెండోది పంపితే మొదటిదాన్ని అడగకుండా తుడిచి దాని చోట ఇది కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు. పిల్లలు మంచి మనసుతో ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు, "ఎనుమాముల", "ఏనుమాముల", "ఎనమాముల", మూడూ ఒకే చోటు. తెలుగు పేర్లు ఎస్3లో చెల్లుతాయి, కాదనను. కానీ తెలుగులో ఒక్కో సంకేతం యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాల్ని బైట్లుగా రాసుకునే పద్ధతి) 3 బైట్లు తింటుంది, అచ్చుకి వేరే, గుణింతానికి వేరే, వత్తుకి వేరే. పేరుకి మొత్తం పరిమితి 1,024 బైట్లు. యూఆర్ఎల్‌లోకి వచ్చేసరికి ఒక్కో బైటూ శాతం గుర్తుతో మూడు అక్షరాలవుతుంది, అంటే తెలుగులో ఒక గుణింతం గుర్తు తొమ్మిది అక్షరాల పీడకల. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే ఎక్కడో ఒకచోట తెగుతుంది. భాష మీద ప్రేమ శాంపిల్‌లో ఒక ఫీల్డ్‌గా చూపించుకుందాం, ఊరి పేరు అక్కడ చక్కగా తెలుగులో రాసుకుందాం, ఫైల్ పేరు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలే అని తేల్చాం.

చివరికి ఫైల్ లోపలున్న బైట్ల నుంచి ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్, అంటే ఫైల్ వేలిముద్ర లాంటి పొడవాటి కోడ్, తీసి అదే పేరుగా పెట్టాం. ముందు సీజన్, ఆ తర్వాత ఫోటోనా వీడియోనా, ఆ తర్వాత హ్యాష్. దీంతో రెండు లాభాలు. ఒకే ఫోటో ఇద్దరు పంపినా ఒకటే అవుతుంది, వేర్వేరు ఫోటోలు ఎప్పుడూ ఢీకొనవు. పేరు చూస్తే ఏమీ అర్థం కాదన్నది నిజమే, కానీ అర్థం చిట్టాలో ఉంటుంది కదా, పేరులో ఎందుకు?

వాట్సాప్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఫోటో పంపడమంటే వాట్సాపే. మామూలుగా పంపితే అది ఫోటోని కుదిస్తుంది, ఎక్సిఫ్ అంతా ఊడగొడుతుంది, అంటే ఎప్పుడు తీశారు, ఏ ఫోన్, ఏ దిక్కుకి పట్టుకున్నారు ఏదీ మిగలదు. తాలు కాయ మీద మచ్చ ఆ కుదింపులో మసకబారి మామూలు కాయలా కనిపిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. నర్సంపేట వైపు తిరిగే తమ్ముడికి చెబితే, "అన్నా, అట్ల పంపితే నెట్ అంతా అయిపోతది, రాత్రి ఇంటికి పోయినంక వైఫైల పంపుత తీ" అన్నాడు. న్యాయమే. తర్వాత అతనికి నెట్ డబ్బులు వేరుగా ఇచ్చాం, ఫోన్ నుంచి నేరుగా బకెట్‌లో (ఎస్3లో మన ఫైళ్లన్నీ ఉండే డబ్బా) పడేలా చిన్న పేజీ ఒకటి కట్టాం. మరోవైపు ఎక్సిఫ్‌లో జీపీఎస్ కూడా ఉంటుంది. రైతు కల్లం ఎక్కడుందో మీటర్ల లెక్కన ఫోటో లోపల రాసి ఉంటే, ఆ ఫోటోని బయట లేబులింగ్ వాళ్లకు పంపడం తప్పు. అందుకే ఎక్కించేముందు జీపీఎస్ తీసి, మండలం పేరు మాత్రం ఫీల్డ్‌లో ఉంచాం.

బకెట్ హైదరాబాద్ రీజియన్‌లో, అంటే హైదరాబాద్‌లోని డేటా సెంటర్లలో, పెట్టాం. ఏడబ్ల్యూఎస్‌కి ముంబై 2016 నుంచి ఉంది, హైదరాబాద్ 2022 నవంబరులో వచ్చింది. మనకు దగ్గరే కదా అని వెళ్తే జాబితాలో ఉంటుంది కానీ వాడనివ్వదు, ఎందుకంటే 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లన్నీ అకౌంట్‌లో మొదట ఆపేసి ఉంటాయి, మనమే వెళ్లి ఎనేబుల్ చేయాలి. చేశాక కూడా కొంచెం టైం పడుతుంది. ఈ ఎర్రర్ మెసేజీలో రీజియన్ ఆపేసి ఉందని సూటిగా చెప్పదు, మీ కీ (అకౌంట్‌లోకి ప్రోగ్రాములు వెళ్లడానికి ఇచ్చే రహస్య కోడ్) చెల్లదు అన్నట్టు చెబుతుంది, దాంతో జనం కీలు మార్చుకుంటూ కూర్చుంటారు. పాత లైబ్రరీలు, కొన్ని టూళ్లు హైదరాబాద్ పేరు తెలియక తడబడతాయి కూడా. ఆ లొల్లి వద్దనుకుంటే ముంబై హాయి, వరంగల్ నుంచి ఫోటో తెరవడంలో కంటికి తేడా తెలిసేంత ఏమీ ఉండదు.

బకెట్ పేరు ప్రపంచమంతటికీ ఒక్కటే ఉండాలి, కాబట్టి "మిర్చి" లాంటివి ఎప్పుడో పోయాయి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లు పబ్లిక్‌కి మూసే వస్తున్నాయి, అది అలాగే ఉండనివ్వండి. "జర ఓపెన్ చేస్తే అయిపోతది కదా" అని ప్రతి టీంలో ఒకరు అంటారు, వినకండి. వెర్షనింగ్ ఆన్ చేశాం, ఎవరైనా పొరపాటున తుడిచినా పాతది ఉంటుంది. అనుమతులు మూడు రకాలు పెట్టాం: ఫోటోలు పంపేవాళ్లకు పెట్టడం తప్ప చూడటం, తుడవడం లేవు. మోడల్ నడిపే మెషిన్‌కి చదవడం మాత్రమే. తుడిచే హక్కు ఒక్కరికే, అదీ రోజూ వాడే కీతో కాదు.

ఎక్కించడానికి ఆర్‌క్లోన్ అనే ఫైళ్లు కాపీ చేసే టూల్ వాడాం. ఎస్3 అయినా గూగుల్ అయినా అజూర్ అయినా ఒకే పద్ధతి, ఆగిపోయినచోట మళ్లీ నడిపితే ఇదివరకే వెళ్లినవి వదిలేసి మిగతావి పంపుతుంది. మా నెట్ రాత్రిపూటే బాగుండేది, పగలు వీడియో ఒకటి పంపుదామంటే సగంలో కరెంటు పోయేది. పెద్ద ఫైళ్లు ముక్కలుగా వెళ్తాయి, మల్టీపార్ట్ అంటారు. మధ్యలో తెగితే అప్పటిదాకా వెళ్లిన ముక్కలు బకెట్‌లోనే పడి ఉంటాయి, మామూలుగా జాబితా తీస్తే కనిపించవు, బిల్లులో మాత్రం కనిపిస్తాయి. లైఫ్‌సైకిల్ రూల్ ఒకటి రాసి, కొన్ని రోజులు దాటిన అసంపూర్తి ముక్కల్ని అదే తుడిచేసేలా పెట్టుకోండి. ఇది బకెట్ కట్టిన రోజే చేయాల్సిన పని.

అన్నీ సరిగ్గా వెళ్లాయా అని చూడటానికి చాలామంది ఎస్3లో ఈటాగ్‌ని (ప్రతి ఫైల్‌కీ ఎస్3 ఇచ్చే గుర్తు) తమ దగ్గరున్న ఫైల్ ఎండీ5తో (ఇదీ ఒక రకం హ్యాష్) పోల్చి చూస్తారు. చిన్న ఫైళ్లకు సాధారణంగా సరిపోతుంది, ముక్కలుగా వెళ్లిన వీడియోలకు ఈటాగ్ అంటే ఎండీ5 కాదు, చివర అడ్డగీత, ముక్కల సంఖ్య ఉంటాయి. సరిపోలలేదని గాబరాపడి మొత్తం మళ్లీ ఎక్కించేవాళ్లను చూశా. ఆర్‌క్లోన్‌లో చెక్ అనే ఆదేశం ఉంది, తను ఎక్కించిన పెద్ద ఫైళ్ల ఎండీ5ని పక్కన రాసి ఉంచుకుంటుంది కాబట్టి సరిగ్గా పోలుస్తుంది.

ఇప్పుడు అసలు ముడి. ఫిఫ్టీవన్ ఓపెన్ సోర్స్ వెర్షన్‌కి కావలసింది మెషిన్‌లో ఉన్న ఫైల్ పాత్. బకెట్ అడ్రసు నేరుగా రాసి, అదే తెచ్చి చూపించి, కావలసినప్పుడు క్యాష్ చేసుకునే (దిగినదాన్ని మళ్లీ దించకుండా దాచుకునే) సదుపాయం డబ్బులు కట్టే ఎంటర్‌ప్రైజ్ వెర్షన్‌లో ఉంది. పెద్ద కంపెనీ అయితే అదే తీసుకోండి, అక్కడ బకెట్‌కి సీఓఆర్ఎస్ సెట్టింగ్ (వేరే సైటు పేజీ నుంచి ఫైళ్లు తెరవడానికి అనుమతి) మాత్రం మర్చిపోకండి, లేకపోతే బ్రౌజర్ ఫోటోని తెరవనివ్వదు. మాలాంటి వాళ్లకు దారి వేరే: బకెట్‌ని మెషిన్‌లో ఒక ఫోల్డర్‌లా మౌంట్ చేయడం. ఆర్‌క్లోన్‌కే ఆ పని వచ్చు, ఏడబ్ల్యూఎస్ వాళ్ల మౌంట్‌పాయింట్ కూడా ఉంది. చదవడానికి మాత్రమే అని పెట్టి, క్యాష్ ఫుల్ మోడ్‌లో పెట్టి, ఆ క్యాష్ ఎంత పెరగొచ్చో హద్దు పెట్టాం, లేకపోతే లాప్‌టాప్ డిస్కు నిండిపోతుంది. అందరి మెషిన్లలో మౌంట్ పాత్ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఎందుకంటే ఫిఫ్టీవన్ పూర్తి పాత్ రాసుకుంటుంది. ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఇంకొకటి అయితే డేటాబేస్ ఒకటే అయినా ఒకరికి ఫోటోలు, ఇంకొకరికి ఖాళీ గళ్లు. విండోస్ వాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకు ఈ పాత్ కుదరక విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టించాం.

మౌంట్ అయితే అయింది, కానీ గ్రిడ్‌లో కిందికి జరిపితే ఒక్కో గడి కోసం ఒక్కో పెద్ద ఫోటో బకెట్ నుంచి దిగుతుంది. చాయ్ తాగి వచ్చినా సగం గళ్లు బూడిద రంగులోనే. దీనికి మందు ఫిఫ్టీవన్‌లోనే ఉంది, ఒక శాంపిల్‌కి రెండు మీడియా ఫీల్డులు పెట్టుకోవచ్చు. చిన్న థంబ్‌నెయిల్ ఒకటి తయారు చేసి మెషిన్ డిస్కులోనే ఉంచి, దాని పాత్‌ని థంబ్‌నెయిల్ పాత్ అని ఇంకో ఫీల్డ్‌లో రాసి, యాప్ సెట్టింగ్‌లో గ్రిడ్‌కి ఇదే వాడు అని చెప్పాలి. గ్రిడ్ చిన్నవాటితో గబగబా జరుగుతుంది, ఫోటో మీద నొక్కితే అసలుది బకెట్ నుంచి వస్తుంది. దీని తర్వాత పని తీరే మారిపోయింది. అలాగే కంప్యూట్ మెటాడేటా అనే ఆదేశం ముందే ఒకసారి నడిపి వెడల్పు, ఎత్తు రాసి పెట్టుకోవాలి, లేకపోతే యాప్ తెరిచిన ప్రతిసారీ వాటి కోసం ఫైళ్లు తవ్వుతుంది. అది ఒకసారి రాత్రంతా నడవనివ్వండి. వీలైతే ఎక్కించేముందే ఆ అంకెలు తీసి శాంపిల్‌లో పెట్టండి, ఫైల్ అప్పుడు చేతిలోనే ఉంటుంది కదా.

వీడియోల దగ్గరికి వద్దాం, ఎక్కువ పరేషాన్ చేసినవి ఇవే. మొదటి సంగతి, ఫోటోలూ వీడియోలూ ఒకే డేటాసెట్‌లో మామూలుగా కలపనివ్వదు, గ్రూప్ డేటాసెట్ కట్టాలి లేదా రెండు వేర్వేరు. మేం రెండు వేరు చేశాం, కల్లం ఐడీ అనే ఫీల్డ్‌తో రెండింటినీ జత చేసుకున్నాం. రెండోది కోడెక్, అంటే వీడియోని కుదించి రాసే పద్ధతి. ఐఫోన్‌లో మామూలుగా ఉండే సెట్టింగ్‌తో తీస్తే హెచ్ఈవీసీ, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా అదే. వీఎల్‌సీలో బ్రహ్మాండంగా ఆడుతుంది, బ్రౌజర్‌లో ఒకరి దగ్గర ఆడుతుంది, ఇంకొకరి దగ్గర నల్ల తెర. ఫైల్ చెడిపోయిందని పిల్లవాడిని తిట్టేముందు కోడెక్ చూడాలి. మూడోది, ఫోన్ వీడియోలో సెకనుకి ఫ్రేములు నికరంగా ఉండవు, వెలుతురు తగ్గితే ఫోనే ఫ్రేములు తగ్గిస్తుంది. 30 అని రాసి ఉంటుంది, ఒకచోట 24 ఉంటాయి. ఫ్రేమ్ నంబరుతో లేబుల్ వేసే పనికి ఇది విషం, కాయ చుట్టూ గీసిన లేబుల్ బాక్సు కాయ మీద నుంచి మెల్లగా జారి పక్కకి పోతుంది.

వీడియోలు మార్చే టూల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఈ చివరి రెండింటికీ ఒకేసారి మందు వేస్తుంది. హెచ్.264 కోడెక్‌కి మార్చడం, పిక్సెల్ ఫార్మాట్ వైయూవీ420పీ, ఫ్రేములు నికరంగా 30, వీటితో పాటు ఫాస్ట్‌స్టార్ట్ అనే ఫ్లాగ్. ఈ ఫాస్ట్‌స్టార్ట్ గురించి రెండు మాటలు. ఎంపీ4 ఫైల్‌లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సూచిక, మూవ్ ఆటమ్ అంటారు, సాధారణంగా రికార్డింగ్ అయ్యాక చివర రాస్తారు. ఫైల్ మన డిస్కులో ఉంటే తేడా లేదు. క్లౌడ్‌లో ఉంటే ప్లేయర్ ముందు మొదటి ముక్క అడుగుతుంది, సూచిక లేదు, చివరికి పోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. మౌంట్ మీద అయితే ఇంకా నరకం. ఫాస్ట్‌స్టార్ట్ ఆ సూచికని తెచ్చి ముందు పెడుతుంది. వీడియో తెరవగానే మొదలవుతుంది. దీంతో పాటు బకెట్‌లో ఫైల్ కంటెంట్ టైప్ వీడియో ఎంపీ4 అని ఉండాలి, కొన్ని అప్‌లోడ్ స్క్రిప్టులు ఏమీ చెప్పకుండా పంపుతాయి, అప్పుడు లింక్ నొక్కితే బ్రౌజర్ ఆడించకుండా డౌన్‌లోడ్ చేస్తుంది. అసలు వీడియోని మాత్రం పారేయలేదు, అది ఒక ప్రిఫిక్స్ (బకెట్‌లో ఫోల్డర్ లాంటిది) కింద చవక స్టోరేజీలోకి, మార్చినది పని చేసే చోట.

ఫ్రేమ్ నంబర్ల గొడవ ఇంకోటి. ఫిఫ్టీవన్ 1 నుంచి లెక్కిస్తుంది. మరికొన్ని లేబులింగ్ టూళ్లు, సీవ్యాట్ సహా, 0 నుంచి. ఫిఫ్టీవన్‌కే ఉన్న సీవ్యాట్ లింకుతో పంపి తెచ్చుకుంటే తనే సర్దుకుంటుంది. బయట ఒక లేబులింగ్ ఏజెన్సీ మాకు సొంత ఎక్సెల్ ఫార్మాట్‌లో ఇచ్చింది, ఫైల్ పేరు, ఫ్రేమ్ నంబరు, బాక్సు నాలుగు అంకెలు. పూర్తి పాత్ లేదు, ఫోన్ పెట్టిన పాత పేరే ఉంది, ఫ్రేములు 0 నుంచి, బాక్సులు పిక్సెళ్లలో. ఫిఫ్టీవన్‌కి బాక్సు కావలసింది 0 నుంచి 1 మధ్య నిష్పత్తిలో: ఎడమ, పైన, వెడల్పు, ఎత్తు. హ్యాష్ పేరుతో పాటు పాత పేరుని కూడా ఒక ఫీల్డ్‌గా ఉంచుకున్నాం కాబట్టి జత కలిసింది, లేదంటే డబ్బులు నీళ్లలో పోసినట్టే.

బాక్సుల విషయంలోనే ఇంకో దొంగ ఉంది, ఎక్సిఫ్ ఓరియంటేషన్. ఫోన్ నిలువుగా పట్టుకుని తీస్తే చాలా ఫోన్లు పిక్సెళ్లను అడ్డంగానే రాసి, "తిప్పి చూపించు" అని ట్యాగ్ పెడతాయి. బ్రౌజర్ ఆ మాట వింటుంది, ఫోటోలు చదివే లైబ్రరీల్లో ఓపెన్‌సీవీ మామూలుగా వింటుంది, పిల్లో తనంతట తాను వినదు. లేబుల్ చేసినవాళ్లు నిలువు ఫోటో మీద గీసిన బాక్సు, ట్రైనింగ్‌లో అడ్డం ఫోటో మీద పడుతుంది. కాయ ఒకచోట, బాక్సు గోనె సంచి మీద. మోడల్ తప్పులు అంకెల్లో కనిపిస్తాయి కానీ ఎందుకో అర్థం కాదు. ఫిఫ్టీవన్‌లో పక్కపక్కన పెట్టి చూస్తేనే దొరికింది. మందు చిన్నదే: ఎక్కించేముందే పిక్సెళ్లను నిజంగా తిప్పి, ఆ ట్యాగ్ తీసేయడం. హ్యాష్ దాని తర్వాతే తీయాలి, లేకపోతే పేరు ఒకటి, లోపలి బైట్లు ఇంకొకటి అవుతాయి.

బయటివాళ్లకు చూపించడానికి ప్రీసైన్డ్ లింకులు (గడువు దాకా మాత్రమే ఫైల్ తెరిచేవి) బాగుంటాయి, కానీ గరిష్ఠంగా 7 రోజులే, తాత్కాలిక కీతో చేస్తే ఆ కీతోపాటే చచ్చిపోతాయి. వాటిని డేటాసెట్‌లో పాత్‌గా రాయకూడదు. కావలసినప్పుడు పుట్టించి ఇవ్వాలి.

ఇంత చేశాక ఏం దక్కిందంటే, చూడటం దక్కింది. ఫిఫ్టీవన్ బ్రెయిన్ అనే భాగంలో పోలికలు కట్టే పని ఉంది, ప్రతి ఫోటోకీ ఒక ఎంబెడింగ్ (ఫోటో ఎలా ఉందో చెప్పే అంకెల వరుస) తీసి దగ్గరగా ఉన్నవాటిని ఒకచోట చేరుస్తుంది. ఒకే రాశిని ఒకే నిమిషంలో వరుసగా తీసిన ఫోటోలు కుప్పలు కుప్పలుగా బయటపడ్డాయి. హ్యాష్‌కి అవి వేర్వేరు, కంటికి ఒకటే. అలాంటివి ట్రైనింగ్‌లో ఒకటి, టెస్టులో ఒకటి పడితే మోడల్ మస్తు తెలివైనదిగా కనిపిస్తుంది, యార్డులోకి తీసుకెళ్తే తెల్లముఖం వేస్తుంది. అందుకే ఫోటోలవారీగా కాకుండా కల్లంవారీగా, బస్తావారీగా విడగొట్టాం, ఒక కల్లం మొత్తం ఇటో అటో ఉండాల్సిందే. ఇంకో కుప్ప చూస్తే మొత్తం నీలం. వాన పడేలా ఉందని కల్లం మీద నీలం టార్పాలిన్ పట్టినప్పుడు కింద తీసినవి, ఎర్ర మిర్చి వంగపండు రంగులోకి మారిపోయింది. అక్కడ రంగు బాగాలేదని మోడల్ అనేది. వాటికి టార్పాలిన్ అని ట్యాగ్ వేశాం, రంగు లెక్కల్లోంచి తప్పించాం, తాలు లెక్కలో ఉంచాం. యార్డులో ఒక ముసలాయన స్క్రీన్ మీద అవి చూసి, "గివి టార్పాల్ కింద దీసినవి బిడ్డా, రంగు జూడకురి, తొడిమెలు జూడుండ్రి" అన్నాడు. తాలు గుర్తించడానికి తొడిమె దగ్గర పాలిపోవడం చూడాలన్నది అప్పుడే లేబులింగ్ సూచనల్లో చేర్చాం.

ఖర్చు సంగతి. నిల్వ చవక, బయటికి తీయడం ఖరీదు. ఏడబ్ల్యూఎస్ నుంచి ఇంటర్నెట్‌లోకి నెలకి 100 జీబీ దాకా ఉచితం, ఆ పైన జీబీ లెక్కన. ఎక్కడో ఉన్న ఉచిత జీపీయూ (మోడల్ ట్రైనింగ్‌కి వాడే చిప్) నోట్‌బుక్ మీద ట్రైనింగ్ పెట్టి, ప్రతి రౌండ్‌కీ బకెట్ నుంచి మొత్తం ఫోటోలు లాగితే ఆ జీపీయూ ఉచితం కాదు. బకెట్ ఉన్న రీజియన్‌లోనే మెషిన్ తీసుకుంటే ఆ రెండింటి మధ్య బదిలీకి డబ్బులు పడవు. చవక స్టోరేజీ అని అన్నీ ఇన్‌ఫ్రీక్వెంట్ యాక్సెస్‌లోకి నెట్టకండి, అందులో ఎంత చిన్న ఫైల్ అయినా 128 కేబీగా లెక్క కడతారు, కనీసం 30 రోజుల అద్దె, తీసినప్పుడల్లా వేరే రుసుము. పెద్ద వీడియోల అసలు కాపీలకు సరే, థంబ్‌నెయిళ్లకు నష్టం. బిల్లు ఒక హద్దు దాటితే మెయిల్ వచ్చేలా బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి.

చిట్టా బ్యాకప్ గురించి ఎవరూ అడగరు కానీ చెబుతా. ఫోటోలు బకెట్‌లో భద్రంగా ఉంటాయి, లేబుళ్లు మాత్రం ఒక మెషిన్‌లోని మాంగోడీబీలో ఉంటాయి. మేం డేటాబేస్‌ని ఒక సర్వర్ మీద పెట్టి, అందరి ఫిఫ్టీవన్‌లూ దాన్నే చూసేలా డేటాబేస్ యూఆర్ఐ, అంటే దాని అడ్రసు, ఇచ్చాం, వెర్షన్ అందరికీ ఒకటే. వారానికోసారి మీడియా లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసి, మౌంట్ పాత్ ముందు భాగాన్ని తీసేసి, ఆ ఫైల్‌ని అదే బకెట్‌లో ఇంకో ప్రిఫిక్స్ కింద వేస్తున్నాం. ఫోటోలు లేకుండా అది చాలా చిన్నది, మెయిల్‌లో కూడా పంపొచ్చు. రేపు ఎవరైనా పాత్ మార్చుకుని తెరిచినా పని చేస్తుంది.

ఇప్పుడు పత్తి వాళ్లు ఇదే బకెట్ వాడుకుంటామని అడుగుతున్నారు. గులాబీ రంగు పురుగు తిన్న కాయల ఫోటోలట. ప్రిఫిక్స్ వేరు, కీలు వేరు, డేటాసెట్ వేరు, మౌంట్ మాత్రం అదే అని చెప్పా. ముందు ఫోన్లలో హెచ్ఈవీసీ ఆపేసి రమ్మన్నా.